నట్టేకాలం

మన భాషలో కాలాలు నాలుగని వ్యాకరణ గ్రంథాలన్నీ ముక్తకంఠంతో చెబుతాయి. భూతం, వర్తమానం, భవిష్యత్తు, తద్ధర్మం. ఆ గ్రంథాలు రాసిన మహానుభావుల్లో ఒక్కరూ జన్మలో కాంక్రీటు పని చేయించుకుని ఉండరని దీన్నిబట్టి నిస్సందేహంగా తేల్చవచ్చు. చేయించుకుని ఉంటే ఐదో కాలం ఒకటుందని వాళ్ళకు మొదటి వారంలోనే బోధపడేది. జరిగిపోయిన పనికి ఒక కాలం, జరుగుతున్న పనికి ఒక కాలం ఉన్నట్టు, కాంట్రాక్టరు చేతిలో పెట్టిన పనికి కూడా ప్రత్యేకంగా ఒక కాలం ఉంది. అందులో క్రియలన్నీ "నట్టే"తో ముగుస్తాయి. బయల్దేరినట్టే, మొదలెట్టినట్టే, అయిపోయినట్టే.

ఈ నట్టేకాలాన్ని కనిపెట్టిన ఘనత ఒక వ్యాకరణం మాస్టారిది. ఇరవై ఆరేళ్ళుగా బడిలో పిల్లల చేత సంధులు విడదీయిస్తున్న మనిషి. ఆయన ఈ పరిశోధనకు దిగింది కీర్తి కోసం కాదు. ఇంటి ముందు మూడు మెట్లున్నాయి, ఇంట్లో భార్య చక్రాల కుర్చీలో ఉంది. కారణం అంతే.

ఆవిడకు వీధి మలుపులో జిరాక్సు కొట్టు. పన్నెండేళ్ళు నడిపింది. ఆ పేటలో ఆవిడ మిషను కింద పడని సర్టిఫికెట్టు లేదు. ఏ దరఖాస్తుకు ఎన్ని కాపీలు కావాలో దరఖాస్తు అడిగే ఆఫీసు కన్నా ఆవిడకే బాగా తెలుసు. ఏడాది కిందట స్కూటరు జారి పడ్డాక నడుము నుంచి కిందికి కదలిక పోయింది. చేతులు మాత్రం మునుపటికన్నా గట్టిపడ్డాయి. మొదట్లో ఆస్పత్రికి వెళ్ళాలంటే మాస్టారు ఒక పక్క, ఎదురింటాయన ఒక పక్క పట్టుకుని కుర్చీతో సహా దించేవాళ్ళు.

మూడోసారి దించాక ఆవిడ తేల్చి చెప్పేసింది. "చాలండీ. గ్యాసు సిలిండరు దించినట్టు నన్ను దించుతుంటే వీధంతా నిలబడి చూస్తోంది. నా కుర్చీ, నా చేతులు, నా కొట్టు. మధ్యలో ఎవరి చెయ్యీ వద్దు. ఆ మెట్ల చోట వాలుగా ఏదన్నా పోయించండి."

కొట్టు గది యజమాని మంచివాడు. దరఖాస్తుల సీజను మొదలయ్యేదాకా గది ఆవిడకే ఉంచుతానన్నాడు. దానికి ఇంకా నాలుగు నెలలుంది. మూడు మెట్ల ఎత్తుకు పద్దెనిమిది అడుగుల వాలు కావాలి, గడప నుంచి గేటు దాకా సరిగ్గా పద్దెనిమిది అడుగులే ఉంది. తెలిసిన వాళ్ళెవరినడిగినా పన్నెండు రోజుల పని అన్నారు. నాలుగు నెలల్లో పన్నెండు రోజులు పది సార్లు వస్తాయని మాస్టారు వేళ్ళ మీద లెక్కగట్టి స్థిమితపడ్డారు. (లెక్కల మాస్టారైతే ఇలా స్థిమితపడేవాడు కాదు.)

కాంట్రాక్టర్ల ఎంపిక శాస్త్రోక్తంగా జరిగింది. మొదటి కాంట్రాక్టరు వచ్చి, గేటు నుంచి గడప దాకా అడుగులేసి కొలిచి, మళ్ళీ గడప నుంచి గేటు దాకా కొలిచి, అదే ఊపులో గేటు దాటి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఫోను ఎత్తలేదు. ఇంకా ఎక్కడో కొలుస్తూనే ఉండవచ్చు. రెండో కాంట్రాక్టరు మెట్ల ముందు నిలబడి చాలాసేపు తల అడ్డంగా ఊపాడు. "ఈ మెట్లు ఎవరు కట్టారు సార్?" అన్నాడు, ఎవరో పోయిన ఇంట్లో అడిగినట్టు. ఇరవై ఏళ్ళ కిందట కట్టినవని మాస్టారు చెప్పారు. "మోసం చేశాడు సార్ మిమ్మల్ని," అన్నాడు. ముందటి మేస్త్రీని తిట్టకుండా పని ఒప్పుకోకూడదని వాళ్ళ సంఘంలో నియమముందట. ఇతను తిట్టడం వరకు చక్కగా చేశాడు గానీ ఒప్పుకోవడం దగ్గర ఆగిపోయాడు.

మూడో అతన్ని పంపింది ఎదురింటాయన. నవ్వు ముఖం, చొక్కా జేబులో టేపు, చెవి మీద పెన్సిలు. మెట్ల వంక ఒక్కసారి చూశాడు.

"వాలే కదా మాస్టారూ? అయిపోయినట్టే."

పని మొదలు కాకముందే అయిపోయినట్టయిన ఆ వేగానికి మాస్టారు ముగ్ధులయ్యారు. అతను వెళ్ళాక ఎదురింటాయనను పిలిచి, "మనిషి నమ్మకస్తుడేనా?" అని అడిగారు.

"మా ప్రహరీ గోడ అతనే కడుతున్నాడండీ," అన్నాడు ఎదురింటాయన. గోడ మోకాలెత్తున ఉంది. దాని మీద నాచు పట్టి ఉంది.

"ఎప్పుడు మొదలెట్టాడు?"

"మా పెద్దమ్మాయి మూడో తరగతిలో ఉండగా." పెద్దమ్మాయి ఆ పక్కనే నిలబడి కాలేజీ బస్సు కోసం చూస్తోంది.

"మరి అలాంటివాణ్ణి నాకెందుకు చెప్పారండీ?"

ఎదురింటాయన ఏ మాత్రం దాచుకోలేదు. "మీ పని మీద వస్తే మా గోడ కంటబడుతుంది కదా మాస్టారూ. కంటబడితే గుర్తొస్తుంది."

అప్పటికే మాట ఇచ్చేశారు గనక మాస్టారు ఇక తన విద్యను నమ్ముకున్నారు. కాంట్రాక్టర్లు జారిపోయేది ఒప్పందంలో భాష వదులుగా ఉండటం వల్లనేనని ఆయన సిద్ధాంతం. ఒక ఆదివారమంతా కూర్చుని నాలుగు పేజీల ఒప్పందం రాశారు. అందులో ఒక్క సర్వనామం కూడా అనాథగా లేదు. ప్రతి క్రియకూ కర్త ఉన్నాడు, ప్రతి విశేషణానికీ విశేష్యం ఉంది. మూడో పేజీలోని వాక్యమైతే ఆయనకు మరీ నచ్చి భార్యకు చదివి వినిపించారు: "ఈ ఒప్పంద దినమున ఉన్న వీధి మట్టము మొదలుకొని గడప మట్టము వరకు ఏకవాలుగా నిర్మింపవలెను."

"'వీధి దాకా' అని రాస్తే పోదుటండీ?" అందావిడ.

"దాకా అంటే సందిగ్ధం. ఏ రోజు వీధి దాకా? రేపు వాడు అడ్డం తిరిగితే?"

"వీధి ఎక్కడికి పోతుందండీ?"

"భాషలో జాగ్రత్త అవసరం," అన్నారు మాస్టారు. అన్నదానికి తగ్గట్టే కాంట్రాక్టరును పిలిపించి, గేటు స్తంభం మీద ఆ రోజు వీధి మట్టం దగ్గర ఎర్ర రంగుతో గీత పెట్టించారు. కాంట్రాక్టరు నాలుగు పేజీలూ గబగబా తిరగేసి సంతకం చేశాడు. పూర్తిగా చదివావా అని అడిగితే, "చదివినట్టే సార్," అన్నాడు.

తరువాతి ఘట్టం అనుమతి. ఇంటి ముందు ఏమి కట్టినా వార్డు ఆఫీసు యాప్‌లో దరఖాస్తు పెట్టాలి. యాప్ పేరు 'సులభం'. అది మొదట "కట్టడం ఎన్ని అంతస్తులు?" అని అడిగింది. మాస్టారు సున్నా వేశారు. సున్నా చెల్లదంది. గడి ఖాళీగా వదిలారు. ఖాళీ చెల్లదంది. గత్యంతరం లేక ఒకటి వేశారు. "పడకగదులు ఎన్ని?" అంది. అక్కడా సున్నా చెల్లలేదు. చివరికి ఒక అంతస్తు, ఒక పడకగది, ఒక కిటికీ గల వాలుకు మూడు వారాల్లో అనుమతి వచ్చింది. కొత్త కట్టడం గనక దానికి వేరే ఇంటి నంబరు కూడా కేటాయించారు. ఆ తరువాత వాలు పేరు మీద ఉత్తరాలు రావడం మొదలైంది. ఒక ఉత్తరంలో అక్కడ నివసించే వారి సంఖ్య అడిగారు. ఇంకా కట్టలేదని మాస్టారు జవాబు రాస్తే, పని పూర్తికాని ఇంట్లో మనుషులను ఉంచినందుకు సంజాయిషీ అడిగారు.

పని మొదటి రోజు మాత్రం కాంట్రాక్టరు చెప్పిన గంటకే వచ్చాడు. ఇద్దరు మనుషులతో, రెండు సమ్మెటలతో వచ్చి మధ్యాహ్నానికల్లా మూడు మెట్లూ పగలగొట్టేశాడు. పడగొట్టడంలో అతనికి సాటి లేదు. గోతిని చూపించి, "ఇక అయిపోయినట్టే మాస్టారూ," అని వెళ్ళాడు. అది అతన్ని కళ్ళారా చూసిన ఆఖరు రోజవుతుందని, కనీసం ఆ నెలకి, మాస్టారు ఊహించలేదు.

మెట్లున్నప్పుడు ఆ ఇంట్లో బందీ ఒక్కరే. మెట్లు పోయాక ఇద్దరు. గడపకూ నేలకూ మధ్య ఒక చెక్కపలక వేసుకుని, యాభై మూడేళ్ళ వయసులో మాస్టారు లంచి బాక్సు చంకలో పెట్టుకుని దాని మీద నుంచి జారుతూ బడికి వెళ్ళేవారు. పలక మీద కుర్చీని దించడం ఇద్దరి వల్ల కూడా కాదు. ఆస్పత్రి వాళ్ళు నెలనెలా రమ్మన్నారు. ఆవిడ వెళ్ళడం మానేసింది.

ఫోను మాత్రం కాంట్రాక్టరు ఎప్పుడూ ఎత్తేవాడు. ఆ విషయంలో అతన్ని వేలెత్తి చూపడానికి లేదు.

"ఎక్కడున్నావయ్యా?"

"బయల్దేరినట్టే సార్."

"మిక్సరు మిషను సంగతి?"

"మాట్లాడినట్టే సార్. అమ్మగారు బావున్నారా?"

ఈ సంభాషణలన్నీ మాస్టారు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నారు. మొదట కోపంతో రాసేవారు. పోను పోను శాస్త్రజిజ్ఞాసతో రాశారు. అలా బయటపడినదే ఐదో కాలం. దాని లక్షణాలు ఆయన ఇలా నిర్ధారించారు. ఈ కాలంలో కర్త ఎప్పుడూ దారిలోనే ఉంటాడు. దీనికి ప్రశ్నార్థకం పనికిరాదు, ఎందుకంటే "వచ్చినట్టేనా?" అని అడిగితే "వచ్చినట్టే" అని జవాబు వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దీనికి వ్యతిరేక రూపం లేదు. "రానట్టే" అన్నది వ్యాకరణ సమ్మతమే అయినా చరిత్రలో ఏ కాంట్రాక్టరూ దాన్ని ప్రయోగించిన దాఖలా లేదు. పైగా "నట్టే" అన్నది పోలిక గనక అందులో అబద్ధమనేది ఉండదు. ముఖం చంద్రుడిలా ఉందన్నవాణ్ణి ఎవరూ కోర్టుకు లాగలేరు.

మూడో నెలలో మిక్సరు మిషను వచ్చింది. నడిపే మనిషి రాలేదు. వారం తరువాత నడిపే మనిషి వచ్చాడు. ఆ ముందు రోజే మిషనును ఇంకో పనికి తీసుకుపోయారు. మనిషి పాపం అరగంట కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొదటి నెలలో గేటు పక్కన దింపించిన కంకరా ఇసుకా చూసి, కంకర బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. కంకర నిజంగానే బాగుంది. ఇసుక మీద ఒక పిల్లి రెండో ఈత కూడా ఈనింది.

ఈలోగా కాంట్రాక్టరు ఫోనులో ఒక సలహా ఇచ్చాడు. కాంక్రీటు పోశాక ఇరవై ఒక్క రోజులు నీళ్ళు పట్టాలని, అది మానితే బీటలు వస్తాయని, అందుకని ఇప్పటినుంచే రోజూ నీళ్ళు పడితే మంచిదని.

"ఇంకా పోయలేదు కదయ్యా, దేనికి పట్టను?"

"చేతికి అలవాటవుతుంది మాస్టారూ."

మాస్టారు నాలుగు రోజులు నిజంగానే పట్టారు. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని భార్యను వేడుకున్నారు గనక ఇక్కడ విస్తరించడం లేదు.

ఆవిడ మాత్రం తన సాధన తను చేసుకుంటూనే ఉంది. హాలు పొడవు పదకొండు అడుగులు. పొద్దున లేచింది మొదలు ఆ గోడ నుంచి ఈ గోడకూ, ఈ గోడ నుంచి ఆ గోడకూ కుర్చీ తోసుకునేది. వాలు మీద వెనక్కి జారకుండా చక్రం ఎలా పట్టాలో గుమ్మం దగ్గరి చిన్న ఎత్తు మీద నేర్చుకుంది. అరచేతులు కాయలు కాశాయి. ఇప్పుడు కొట్టు దాకా వెళ్ళడానికి పదిహేను నిమిషాలు చాలని లెక్క వేసుకుంది. నలభై ఇళ్ళు, ఒక మలుపు. "వచ్చేటప్పుడు ఇరవై పడుతుంది, కొంచెం ఎత్తు కదా," అంది ఒక సాయంత్రం. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తాగారు.

దరఖాస్తుల సీజను వచ్చింది. పన్నెండు రోజులు పది సార్లూ వచ్చి వెళ్ళిపోయాయి. కొట్టు గది యజమాని ఒక పొద్దున వచ్చి పలక కింద నిలబడ్డాడు. ఎక్కే ధైర్యం చేయలేదు. ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. మెట్లు లేవు గనక అతను తల ఎత్తి మాట్లాడాల్సి వచ్చింది.

"ఏం చెయ్యనమ్మా. మొబైలు కవర్లాయన రోజూ తిరుగుతున్నాడు. సగం గది అతనికిచ్చేస్తున్నా. మిగతా సగంలో మీ మిషను కదపను. మీ అంతట మీరు వచ్చిన రోజున ఆ సగం తాళం మీ చేతికే ఇస్తాను. ఇంకో రెండు నెలలు చూస్తా."

ఆవిడ మెడలోని తాడు నుంచి తాళంచెవి తీసి, వంగి అతని చేతిలో వేసింది. "మిషను మీద గుడ్డ కప్పి ఉంచండి బాబాయిగారూ. దుమ్ము పడితే కాపీల మీద గీతలొస్తాయి," అంది. ఆ రోజు మాస్టారు కాంట్రాక్టరుకు ఫోను చేసి, జీవితంలో మొదటిసారి కర్త, కర్మ, క్రియ లేకుండా అరిచారు. అవతల అతను అంతా ఓపికగా విని, "అర్థమైనట్టే సార్," అన్నాడు.

ఐదో నెలలో ఒక అద్భుతం జరిగింది. వార్డు ఆఫీసు వాళ్ళు రోడ్డు వేయడానికి వచ్చారు. ఏళ్ళ తరబడి ఒక పొర మీద ఇంకో పొర వేసుకుంటూ పోవడం వల్ల వీధి కొన్ని ఇళ్ళకన్నా ఎత్తయిపోయి, వాన పడితే నీళ్ళన్నీ వాటిలోకి వస్తున్నాయని ఎవరో ఫిర్యాదు పెట్టారట. (ఫిర్యాదు పెట్టింది ఎదురింటాయన. గోడ పూర్తయి ఉంటే ఆయనకు ఆ అవసరం రాకపోను.) పెద్ద యంత్రం తెచ్చి పాత పొరలన్నీ గీకేసి, కింద చదును చేసి, నున్నగా కొత్త రోడ్డు వేశారు. రెండు రోజుల్లో పని పూర్తి. వీధంతా జేజేలు కొట్టింది. వీధి మాత్రం జానెడు కిందికి దిగింది.

సరిగ్గా ఆ మర్నాడు కాంట్రాక్టరు వచ్చాడు. మిషనుతో వచ్చాడు, మిషను నడిపే మనిషితో వచ్చాడు, సిమెంటుతో వచ్చాడు, చెక్కలు బిగించేవాళ్ళతో, చువ్వలు కట్టేవాళ్ళతో వచ్చాడు. మాస్టారు బడికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి పద్దెనిమిది అడుగుల వాలు పోత పూర్తయింది. ఎక్కడా వంకర లేదు, గుల్ల లేదు, పైన జారకుండా సన్నని గాట్లు కూడా పెట్టాడు. ఇంత చక్కటి పని ఆ వీధిలో ఎవరూ చూడలేదు. గడప దగ్గర అది గడపను ముద్దు పెట్టుకుంటున్నట్టుంది. గేటు దగ్గర మాత్రం వీధికి జానెడు ఎత్తున గాలిలో ఆగిపోయింది.

మాస్టారు వంగి ఆ అంచు కింద చెయ్యి పెట్టి చూశారు. "ఇదేమిటయ్యా?" అన్నారు.

కాంట్రాక్టరు ప్లాస్టిక్ కవరులోంచి ఒప్పందం తీశాడు. మూడో పేజీ. వాక్యం కింద పెన్సిలుతో గీత కూడా ఉంది. గేటు స్తంభం మీది ఎర్ర గీత చూపించాడు. వాలు అంచు ఆ గీతకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది.

"ఒప్పంద దినమున ఉన్న వీధి మట్టం మాస్టారూ. నేను ఇన్నేళ్ళ సర్వీసులో ఒక కాగితం పూర్తిగా చదివి కట్టింది ఇదొక్కటే. మీ రాత అంత స్పష్టంగా ఉంది."

అందులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే గర్వపడుతున్నాడు. 'వీధి దాకా' అని రాసి ఉంటే సరిపోయేది. ఆ రెండు మాటలూ భార్య నోట్లోంచి వచ్చినవే. ఆయన లోపలికి వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు.

"తప్పు నాదే," అన్నారు.

"మీది కాదులెండి," అందావిడ, ఆయన తల మీద చెయ్యి వేసి. "తప్పు వీధిది. అది ఒప్పందం చదవలేదు."

ఇరవై ఒక్క రోజులు నీళ్ళు పట్టారు. (చేతికి అప్పటికే అలవాటు ఉంది.) ఆ తరువాత వాలు తనిఖీ అధికారి వచ్చాడు. ముందుగా పడకగది చూపించమన్నాడు. లేదంటే నిరుత్సాహపడి, ఆ వరుసలో "మరమ్మతులో ఉంది" అని రాసుకున్నాడు. తరువాత గేటు దగ్గరికి వచ్చి ఆ జానెడు ఎత్తును పరిశీలించాడు.

"దీన్ని వీధిలోకి ఇంకొంత పొడిగిస్తే సరిపోతుంది కదండీ," అన్నారు మాస్టారు.

"వాలు వీధిలోకి వస్తే ఆక్రమణ అవుతుందండీ."

"పోనీ, కావలసినప్పుడు ఆవిడే వేసుకునేలా ఒక పలక?"

"వీధిలో వస్తువు పెట్టడం నేరం," అని అధికారి అంతకాలం మెట్ల బదులు పనిచేసిన పలకను స్వాధీనం చేసుకుని, రసీదు రాసిచ్చి, జీపులో వేయించాడు. "మెట్టు మాత్రం కట్టుకోవచ్చు. పద్నాలుగో నిబంధన. మెట్టు ప్రాచీన హక్కు. వీధిలోకి ఒక అడుగు దాకా రావచ్చు."

"చక్రాల కుర్చీకి మెట్టు దేనికండీ?"

"ఫారంలో కుర్చీ గురించి అడగలేదండీ." అతను ఫారం చూపించాడు. నిజమే, ఒకే ప్రశ్న ఉంది: "వాలు ఎక్కుటకు సౌకర్యము కలదా?"

కాంట్రాక్టరు ఇది తన బాధ్యతగా భావించి, ఆ సాయంత్రమే వచ్చి, ఎవరూ అడగకుండానే వాలు చివర ఒక మెట్టు కట్టాడు. రెండు గంటల్లో పూర్తి చేశాడు. అధికారి మర్నాడు వచ్చి "కలదు" అని రాసి ముద్ర వేశాడు. పగలగొట్టి మళ్ళీ వాలు పెంచి పోయాలంటే ఎన్నాళ్ళు పడుతుందని మాస్టారు కాంట్రాక్టరును విడిగా అడిగారు.

"అదెంత పని మాస్టారూ," అన్నాడు కాంట్రాక్టరు. మిగతాది మాస్టారు వినలేదు. వినాల్సిన అవసరం లేదు.

మూడు రోజుల తరువాత కాంట్రాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఫోను పట్టుకుని వచ్చాడు. పని చేయించుకున్నవాళ్ళ అభిప్రాయాలు పెట్టే యాప్ ఒకటుందట, అందులో ఇంత మంచి పని ఫోటో లేకపోతే ఎలాగన్నాడు. ఎదురింటాయన మోకాలెత్తు గోడ దాటి పరుగున వచ్చి, "మరి మాది?" అన్నాడు. "అయిపోయినట్టే," అన్నాడు కాంట్రాక్టరు అటు చూడకుండా. ఎదురింటాయన తృప్తిగా తల ఊపి, ఫోటోలో తను కూడా పడేలా నిలబడ్డాడు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఇస్త్రీ చీర, కొట్టుకు వెళ్ళేటప్పుడు వేసుకునే చేతిసంచి ఒళ్ళో. మాస్టారు వెనక నుంచి పట్టుకోబోయారు. "వద్దండీ," అంది. గడప దాటింది. హాల్లో నేర్చుకున్నట్టే రెండు చక్రాలూ అరచేతులతో ఒత్తి పట్టి, తొందరపడకుండా, పద్దెనిమిది అడుగులూ దిగింది. ఎవరి చెయ్యీ పడకుండా ఆ ఇంట్లోంచి ఆవిడ బయటికి రావడం ఏడాదిన్నర తరువాత అదే మొదలు. మాస్టారి కళ్ళు నిండాయి. చివరికి వచ్చి ముందు చక్రాలు అంచు దగ్గర ఆపింది.

కింద కొత్త మెట్టు. దాని ముందు కొత్త వీధి. వీధి చివర మలుపులో కొట్టు సగం తెరిచి ఉంది. తెరిచిన సగంలో రంగురంగుల మొబైలు కవర్లు వేలాడుతున్నాయి. మూసిన సగంలో ఏముందో ఆవిడకు తెలుసు.

"ఎలా ఉందమ్మగారూ?" అన్నాడు కాంట్రాక్టరు, ఫోనులో రాసుకోవడానికి సిద్ధంగా.

ఆవిడ కాసేపు ఆ మలుపు వైపే చూసింది. ఒళ్ళోని సంచి సర్దుకుంది.

"వీధిలోకి వచ్చినట్టే ఉంది," అంది.

కాంట్రాక్టరు ముఖం వెలిగిపోయింది. ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా ఫోటో కింద టైపు చేసి, పక్కన ఐదు నక్షత్రాలు కూడా తనే నొక్కి, సరిగ్గా ఉందేమో ఒకసారి చూడమని మాస్టారి చేతికి ఫోను ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ మాస్టారు ఆ వాక్యంలో తప్పేమైనా ఉందేమోనని వెతికారు. ఒక్కటీ లేదు.